చెలమ గట్టున ఇసుక కుప్పలు

ఒక పెద్ద అడవిలో ఏరొకటి ఉంది. వానాకాలంలో చూస్తే ఏరే. ఎండలు ముదిరాక చూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒట్టి ఇసుక. నీళ్లు ఎక్కడికీ పోవు, ఇసుక కిందకి దిగి చల్లగా పడుకుంటాయి. తవ్వే ఓపిక ఉన్నవాళ్లకి దొరుకుతాయి.

అలా తవ్విన గుంటనే చెలమ అంటారు. ఆ ఏటి నడిమధ్యన అందరికీ కలిపి ఒక పెద్ద చెలమ ఉండేది. మొదట ఎవరు తవ్వారో ఎవరికీ గుర్తు లేదు. ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. ఎవరైనా తాగొచ్చు, ఎవరైనా దిగి తవ్వొచ్చు. ఎలా తవ్వుతున్నారో గట్టున కూర్చుని చూసి నేర్చుకోవచ్చు. నేర్చుకుని పోయి తన గుహ పక్కన ఇంకో చెలమ తవ్వుకున్నా, "మా పని ఎత్తుకుపోయావు" అనేవాళ్లు లేరు.

ఆచారం ఒక్కటే. తాగినవాళ్లు పోయేముందు పిడికెడు ఇసుక పైకి తీసి, దూరంగా విసిరి పోవాలి. పిడికిలి లేని పిట్టలు ముక్కుతో తీస్తాయి. పాములు తోకతో నెడతాయి. చెలమ అనేది ఒకసారి తవ్వి వదిలేసేది కాదు మరి. గాలికి, కాళ్ల తొక్కిడికి ఇసుక జారుతూనే ఉంటుంది. తీస్తూ ఉన్నంతకాలమే అది చెలమ. మానేస్తే మళ్లీ ఏరే.

ఇసుక ఎక్కడ తియ్యాలో, ఎక్కడ తియ్యకూడదో చెప్పేది అప్పలసామి అనే ముసలి తాబేలు. ఆ పని ఆయనకి ఎవరూ అప్పజెప్పలేదు. చెలమ పక్కనే ఉంటాడు, గబుక్కున ఎక్కడికీ పోలేడు, అందుకని ఆయన చూస్తుండేవాడు.

ఆ అడవిలో ఎలుగుబంటి దొరగారికి నీళ్ల కంపెనీ ఉంది. ఉమ్మడి చెలమలోనే ఆనపకాయ బుర్రలు నింపించి, దున్నల మీద కొండకి ఎక్కించి, పైన ఉండే కొండముచ్చులకి ఇచ్చేవాడు. వాటికి కిందకి దిగడం బద్ధకం. నీళ్లకి బదులు తేనె, దుంపలు, పళ్లు పంపేవి. దొరగారి గోదాం నిండుగా ఉండేది.

ఆ కంపెనీలో నూకాలు అనే పందికొక్కుకి ఉద్యోగం. పని ఏమిటంటే, చెలమ గోడ అల్లడం. వేళ్లు కొరికి తెచ్చి, నమిలి మెత్తబరిచి, ఇసుక గోడలోకి గుచ్చి, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి పెనవేస్తుంది. అలా అల్లితే గోడ జారదు. కంపెనీలో చేరకముందు కూడా నూకాలు ఆ పని చేసేది, సరదాకి. దొరగారు కుర్రతనంలో ఒకసారి చూసి, "మన బుర్రలు నిండేది ఇక్కడే కదా, ఈవిడకి దుంపలు ఇవ్వండి" అన్నాడు. అప్పటినుంచి అది ఉద్యోగమైంది.

ఎండాకాలం నేల రాయిలా గట్టిపడి బయట దుంప దొరకదు. గోదాంలోనే ఉంటుంది. నూకాలుకి ఎనిమిదిమంది పిల్లలు. మొగుడు సింహాచలం. పేరు సింహాచలమే గానీ పగలంతా బొరియ వాకిట్లో మీసాలు దువ్వుకుంటూ పడుకునేవాడు. కాబట్టి ఆ దుంపలు ఆగితే ఆ ఇంట్లో పొయ్యి ఆగినట్టే.

ఇలా ఉండగా ఒకనాడు పక్కడవిలో పులి తన కొలువులో సగంమందిని తీసేసింది.

ఎందుకు తీసేసిందో ఎవరికీ తెలియదు. తీసేసిన సాయంత్రం మాత్రం పులి గుహ మీద వాలే గద్దలు సంతోషంతో గిరికీలు కొట్టాయి. గద్దలంటే మామూలు గద్దలు కావు. కంపెనీలకి మొదట్లో పెట్టుబడి పెట్టి, తర్వాత ఎప్పుడూ పైనే తిరుగుతూ కిందకి చూస్తుండే గద్దలు. అవి ఎలుగుబంటి గుహ మీద కూడా తిరుగుతుంటాయి.

దొరగారికి బెంగ పట్టుకుంది. సలహాదారు కొంగని పిలిపించాడు.

"పులి గారు అంతమందిని ఎందుకు తీసేశారంటావు?"

"ఏదో కారణం ఉండే ఉంటుందండి" అంది కొంగ.

"ఆ కారణం మనకి లేదా?"

"మనకీ ఉండాలండి. లేకపోతే పరువు తక్కువ."

"మన గోదాం నిండుగా ఉంది. కొండముచ్చులు బాగానే తాగుతున్నాయి. ఏమని తీసేస్తాం?"

కొంగ ఒక కాలు కడుపులోకి ముడుచుకుని, రెండో కాలి మీద నిలబడింది. "నన్ను చూడండి దొరగారూ. ఎన్నాళ్లుగా ఇలా నిలబడుతున్నాను. పడ్డానా? దేవుడు రెండిచ్చాడని రెండూ వాడెయ్యకూడదు. కంపెనీకి కూడా ఇలాగే ఒక కాలు చాలు."

దొరగారు కిందకి వంగి తన నాలుగు కాళ్లూ చూసుకున్నాడు. చాలా దుబారాగా కనిపించాయి.

"మొదట ఎవరిని తీద్దాం?"

"చెలమ దగ్గర వాళ్లని. మిగతావాళ్లని తీసేస్తే పని ఆగుతుంది. వాళ్లని తీసేసినా పని ఆగదు. చేతులు ఊరుకోవు వాళ్లకి. దుంపలు ఇచ్చినా తవ్వుతారు, ఇవ్వకపోయినా తవ్వుతారు. ఊరికే వచ్చేదానికి ఎవరైనా దుంపలు ఇస్తారాండీ?"

దొరగారికి ఆ మాట ఎంతో నచ్చింది. అది తనకే తట్టినట్టు మర్నాడు అందరికీ చెప్పాడు కూడా.

తీసేసే పని తొండ మేడమ్‌ది. కంపెనీలో ఎవర్ని చేర్చుకోవాలన్నా ఎవర్ని పంపాలన్నా ఆవిడే. రాతి మీదకి ఎక్కి తల ఊపుతూ ఉంటుంది. అవునన్నా అదే ఊపు, కాదన్నా అదే ఊపు.

"మనమంతా ఒక కుటుంబం" అంది తొండ మేడమ్, అందర్నీ రాతి ముందు నిలబెట్టి. "ఈ ఏడాది కుటుంబాన్ని కొంచెం చిన్నది చేసుకుంటున్నాం."

నూకాలు వంతు వచ్చింది. "నేను ఉన్నానా మేడమ్?"

తొండ తల ఊపింది.

"ఉన్నట్టే కదండీ?"

తొండ తల ఊపింది.

"పోనీ లేనట్టా?"

తొండ మళ్లీ అలాగే ఊపింది. నూకాలు గోదాం దాకా వెళ్లి అడిగి వచ్చింది. లేనట్టే.

ఆ రోజు చెలమ వాళ్లే కాదు, బుర్రలు కడిగే ఉడతలు, దారి చూపే ఏదుపందులు, కొండముచ్చుల దగ్గర పురివిప్పి కంపెనీ గొప్ప చెప్పే నెమలి, ఇంకా చాలామంది పోయారు. సాయంత్రం గద్దలు గిరికీలు కొట్టాయి. దొరగారు గుహలోంచి తల బయటపెట్టి చూసుకుని మురిసిపోయాడు.

నూకాలు బొరియకి వచ్చి సంగతి చెబితే సింహాచలం మీసాలు దువ్వడం ఆపాడు. అది ఆ ఇంట్లో పెద్ద విషయం.

"తీసేశారా? నిన్నా? ఏటి చేశావే?"

"ఏటీ చెయ్యలేదు మావా."

"మరి ఏటీ చెయ్యకపోతే తీసెయ్యరా మరి."

"నువ్వేటి చేస్తున్నావని నిన్ను ఇంట్లో ఉంచాను?"

సింహాచలం మాట మార్చాడు. "బెంగెందుకే. పోయిన ఏడాది అడవిపంది మన బొరియ దాకా వచ్చి, మా కంపెనీలో చేరు తల్లీ, దొర ఇచ్చేదానికి రెట్టింపు దుంపలిస్తానని బతిమాలాడా లేదా? నువ్వే కదా పోనన్నావు. రేపెళ్లు."

నిజమే. అడవిపందికి కూడా నీళ్ల కంపెనీ ఉంది. చిన్నది. అదీ ఈ చెలమలోంచే నింపుకునేది. పోయిన ఏడాది తవ్వడం వచ్చినవాళ్లు దొరక్క కాళ్లరిగేలా తిరిగాడు.

నూకాలు మర్నాడు వెళ్లేసరికి అడవిపంది గుమ్మం ముందు వరుస ఏటి మలుపు దాకా ఉంది. దొరగారు తీసేసినవాళ్లే కాదు, పక్కడవిలో పులి తీసేసినవాళ్లు కూడా నడిచి వచ్చేశారు. పోయిన ఏడాది బతిమాలిన అడవిపంది ఈసారి పళ్లు కుట్టుకుంటూ కూర్చుని ఉన్నాడు.

"చెప్పమ్మా."

"నేనండి, నూకాలుని. పోయినేడాది మీరే వచ్చారు."

"పోయినేడాది చాలామంది ఇళ్లకి వెళ్లాను. ఏం పని వచ్చు?"

"చెలమ గోడ అల్లుతానండి."

అడవిపంది చెలమ వైపు తొంగి చూశాడు. "గోడ కనపడుతోంది. నీ పనే కనపడటం లేదు."

"ఇన్నేళ్లుగా కూలలేదు కదండీ. అదే నా పని."

"కూలనిదంతా నీ పనేనా? ఆ ఎదురుగా కొండ కూడా కూలలేదు. అదీ నువ్వే నిలబెట్టావా?"

వెనకాల వరుసలో ఎవరో కిచకిచ నవ్వారు. నూకాలు తల వంచుకుంది.

"చూడమ్మా" అన్నాడు అడవిపంది, కొంచెం జాలిగానే. "గుమ్మం ముందు ఇంతమంది ఉన్నారు. అందరూ తవ్వడం వచ్చనే అంటున్నారు. అందరూ ఉమ్మడి చెలమలో ఇసుక తీశామనే అంటున్నారు. తీసిన ఇసుక ఏదీ? చూపించండి. ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లని తీసుకుంటాను. ఇంకో మాట. దుంపలు మాత్రం పోయినేడాది చెప్పినన్ని ఇవ్వను. అక్కడ ఊరికే చేసేవాళ్లు ఇక్కడికొచ్చి రెట్టింపు అడిగితే ఎలా?"

ఆ మాట గుమ్మం దగ్గర మొదలై వరుస చివరికి చేరేసరికి వరుసే లేదు. అందరూ చెలమ వైపు పరిగెడుతున్నారు.

అప్పలసామి తాత జన్మలో అంత జనాన్ని చూడలేదు. నిన్నటిదాకా నీళ్లు తాగి పిడికెడు ఇసుక తియ్యమంటే మూతి తిప్పుకున్నవాళ్లు కూడా ఇవాళ నీళ్లు తాగకుండానే దిగి తవ్వుతున్నారు. దూరంగా విసరాల్సిన ఇసుకని ఎవరూ విసరడం లేదు. గట్టు మీదే కుప్ప పోస్తున్నారు. ఎందుకంటే అడవిపంది గుమ్మంలోంచి చూస్తే గట్టే కనపడుతుంది. తన కుప్ప ఇంకొకరిది అనుకోకుండా ఏదుపంది దాని మీద ముల్లు గుచ్చింది. ఉడత తోకవెంట్రుక పెట్టింది. నెమలి నిలువెత్తు ఈక పాతి, కుప్ప పక్కన పురివిప్పి నిలబడింది. కుప్ప చిన్నదే. పురి వెనకాల ఎంత ఉందో ఎవరికీ కనపడదు.

"తాతా, ఇది చూడు, ఇక్కడ తియ్యొచ్చా?"

"తాతా, ముందు నాది."

"నేను పొద్దున్నుంచి నిలబడ్డాను తాతా, నాది చూడు."

తాత పాపం ఒక్కడు. ఆయన నడక సంగతి తెలిసిందే. ఒకరి ఇసుక చూసి రెండోవాళ్ల దగ్గరికి చేరేసరికి అక్కడ పదిమంది గోల.

కొన్నాళ్లకి తియ్యడానికి చెలమలో ఇసుకే లేకుండా పోయింది. అప్పుడు కోతి ఒకటి ఉపాయం కనిపెట్టింది. ఏటి అవతలి నుంచి దోసెడు ఇసుక తెచ్చి, చెలమలో పోసి, అందరూ చూస్తుండగా మళ్లీ తీసింది.

"ఓరి నాయనా" అన్నాడు తాత, "అది తియ్యాల్సిన ఇసుక కాదురా. నువ్వు తెచ్చిన ఇసుక."

"తీశానా లేదా తాతా? అది చెప్పు."

"తీశావు."

"మరేటి?"

మర్నాటికి సగంమంది ఇసుక మోసుకుని వస్తున్నారు.

నూకాలు మొదట ఇవేమీ పట్టించుకోలేదు. ఎప్పటిలాగే వేళ్లు తెచ్చి గోడ అల్లుతూ కూర్చుంది. దుంపలు రాకపోయినా చేతులు ఊరుకోవు కదా. కొంగ చెప్పింది అక్షరాలా నిజం. ఇంతమంది తొక్కుతుంటే అల్లిన చోట మళ్లీ అల్లాల్సి వస్తోంది. పనికి పని పెరిగింది, ఇంటికి మాత్రం ఒట్టి చేతులు.

ఇంట్లో ఆఖరి దుంపని సింహాచలం పిల్లలకి ముక్కలు కోశాడు. తను తినలేదు. మీసాలు కూడా దువ్వుకోలేదు.

"నీ కుప్ప ఎంతైందే?" అన్నాడు.

"నాకు కుప్ప ఉండదు మావా. నాది గోడ కదా."

"గోడ తింటారేటి పిల్లలు?"

కోపంగా అనలేదు. నెమ్మదిగానే అన్నాడు. అందుకే నూకాలుకి అది లోపలికి దిగింది. ఎనిమిదిమంది పిల్లలు కోసిన ముక్కల వైపు కాకుండా తల్లి వైపు చూస్తున్నారు.

మర్నాడు నూకాలు వేళ్లు తేకుండా చెలమలోకి దిగింది. తాత చూశాడు.

"నూకాలూ, ఉత్తరం పక్క వేళ్లు వదులయ్యాయి. కొంచెం బిగించవే."

"రేపు చూస్తాను తాతా."

"అటువైపే గట్టు మీద కుప్పలన్నీ ఉన్నాయే."

"రేపన్నాను కదా తాతా" అంది నూకాలు, తాత కళ్లలోకి చూడకుండా.

పందికొక్కు తవ్వాలని కూర్చుంటే ఇంకెవరు ఆగుతారు? ఎక్కడ తవ్వితే తేలిగ్గా వస్తుందో ఆవిడకి తెలియని చోటు లేదు. అన్నిటికన్నా తేలిగ్గా వచ్చేది గోడ కింద ఇసుక. తనే అల్లిన గోడ, దాని కిందే తవ్వింది. నాలుగు పూటల్లో నూకాలు కుప్ప ఏదుపంది కుప్పని దాటింది. కోతి కుప్పని దాటింది. ఆఖరికి నెమలి పురిని కూడా దాటింది. నెమలి ఆ సాయంత్రం పురి ముడుచుకుని వచ్చింది.

"అక్కా, కొంచెం పక్కకి పోసుకోవచ్చు కదా. నేను కనపడటం లేదు."

"మీరెలాగూ కనపడతారు బాబూ. నాకు ఈ కుప్పే ఉంది."

రేపు రేపంటూ రోజులు గడిచాయి. వేళ్లు ఎండిపోతున్నాయని నూకాలుకి తెలుసు. పడుకున్నప్పుడు ఆ ఎండిన వేళ్ల వాసన ముక్కుకి తగిలేది. ఉద్యోగం రానీ, మొదటి రోజే వెళ్లి బిగించేస్తాను అనుకుని అటు తిరిగి పడుకునేది.

అడవిపంది ఎంపిక చేసే రోజు రానే వచ్చింది. ముహూర్తం పెట్టుకుని, మేళతాళాలకి కీచురాళ్లని పెట్టుకుని, ఒళ్లు బరువున్న బంధువులందర్నీ వెంటేసుకుని గట్టు మీదకి వచ్చాడు. వచ్చిన వేడుకలోనే ఖాళీ బుర్రలు నింపుకుపోదామని దున్నల్ని కూడా తోలుకొచ్చాడు. కుప్ప కుప్ప దగ్గరా ఆగి, ముట్టెతో పొడిచి, పక్కవాళ్లని అడిగి, చివరికి నూకాలు కుప్ప దగ్గర నిలబడిపోయాడు.

"ఇది కదా పని అంటే" అన్నాడు. "కొండంత ఉంది. గోడ గోడ అంటూ ఇన్నాళ్లూ ఈ చెయ్యి దాచుకున్నావేమమ్మా? రేపటినుంచి వచ్చెయ్. దుంపలు ఇవాళే పట్టుకెళ్లు."

సింహాచలం పిల్లలందర్నీ ముందు నిలబెట్టాడు, మోసుకెళ్లడానికి. నూకాలుకి గుండె నిండిపోయింది. గట్టున అందరూ ముందుకి తోసుకొచ్చారు, గెలిచినవాళ్ల మొహం ఎలా ఉంటుందో చూద్దామని.

అందరూ ఒకే పక్కకి వచ్చారు. ఉత్తరం పక్కకి.

ముందు కొంచెం ఇసుక జారింది, ఎవరో గుసగుసలాడినట్టు. నూకాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చప్పుడు అక్కడున్నవాళ్లలో ఆవిడకొక్కదానికే తెలుసు. "పిల్లల్ని లాగు మావా" అనేలోపే గట్టు కదిలింది. కుప్పలు, ఈకలు, ముళ్లు, అడవిపంది బంధువులు, కీచురాళ్లు, దున్నలు, అందరూ కలిసి చెలమలోకి జారిపోయారు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇసుక మెత్తన కదా. ఒక్కొక్కళ్లే తుమ్ముకుంటూ పైకి లేచారు. నెమలి పురి మాత్రం ఇసుకలోంచి బయటికి వచ్చి ఉంది, కింద నెమలి ఎక్కడుందో వెతికి లాగాల్సి వచ్చింది. చెలమ లేదు. ఉన్నచోట ఎత్తుగా ఇసుక దిబ్బ ఉంది.

నూకాలు ముక్కు తుడుచుకుని అడవిపంది దగ్గరికి వెళ్లింది. "అయ్యా, నా ఉద్యోగం."

"ఉద్యోగం ఇచ్చానమ్మా" అన్నాడు అడవిపంది చెవిలో ఇసుక దులుపుకుంటూ. "నేను మాట తప్పను. కంపెనీయే లేదు. నీళ్లుంటే కదా నాకు కంపెనీ."

నూకాలు అక్కడే కూలబడింది. తాత మెల్లగా పక్కకి వచ్చాడు. ఇసుకలోంచి తేలిన ఎండు వేరొకటి నూకాలు ముందుకి నెట్టాడు.  

"నేనే తాతా" అంది. "గోడ కింద తవ్వింది నేనే."

"తెలుసే. నీ పంటిగాట్లు నాకు తెలియవేటి?" అన్నాడు తాత. "ఇప్పుడు నీకు దాహం వేస్తోందా?"

"వేస్తోంది."

"ఆ పక్కకి పోయి చిన్న గుంట తవ్వుకో. తవ్వడం వచ్చు కదా."

ఆ మాట చెవిన పడ్డవాళ్లంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ గట్టున కూర్చుని చూసి నేర్చుకున్నవాళ్లే అందరూ. ఎవరి దాహానికి సరిపడా వాళ్లు తలా ఒక చిన్న చెలమ తవ్వుకున్నారు. సాయంత్రానికి ఏరంతా గుంటలు. అందరూ తాగారు. కంపెనీలకే లేవు. గుంటలో ముక్కు పడుతుంది గానీ బుర్ర పట్టదు.

కొండ మీద కొండముచ్చులకి మర్నాడే గొంతులెండాయి. నీళ్లు రాకపోతే దిగివచ్చి తాగొచ్చు. కానీ అవి దిగలేదు. ఖాళీ బుర్రలు కిందకి విసిరాయి, సూటిగా దొరగారి గుహ మీదకి. గుహ మీద వాలి ఉన్న గద్దలకి ఒక బుర్ర తగిలింది. గద్దలు లేచి వెళ్లి వేరే గుహ మీద వాలాయి.

అది చూసి దొరగారు పరిగెత్తుకుంటూ ఏటికి వచ్చాడు. వెనకాలే కొంగ, తొండ మేడమ్.

"తవ్వండి" అన్నాడు దొరగారు. "మీకు తవ్వడం అలవాటట కదా. చేతులు ఊరుకోవట కదా."

"తవ్వాం కదండీ" అన్నాడు అప్పలసామి తాత, ఏరంతా ఉన్న గుంటలు చూపిస్తూ. "మా దాహానికి ఎంత కావాలో అంత. మీ బుర్రలకి సరిపడా తవ్వాలంటే ఒట్టి అలవాటు చాలదు దొరగారూ, దుంప కూడా కావాలి."

దొరగారికి కోపం వచ్చింది. తనే దిగాడు. రెండు చేతులా తవ్వాడు. తవ్వినంత సేపూ పక్కల నుంచి జారింది. నడుం లోతు దిగాక ఇసుక ఆయన చుట్టూ కూరుకుంది. కొంగ సాయం చెయ్యబోయి ఒంటికాలి మీద వంగి, తలకిందులుగా అందులోనే పడింది. ఇద్దరినీ లాగింది ఎవరంటే, వాళ్లు తీసేసిన వాళ్లే. ఊరికే లాగారు.

"ఇసుక ఎందుకు ఆగడం లేదు?" అన్నాడు దొరగారు, రొప్పుతూ.

"గోడ అల్లాలండి" అంది నూకాలు.

"అల్లేవాళ్లెవరు?"

"నేనేనండి. మీరే తీసేశారు."

దొరగారు కొంగ వైపు చూశాడు. కొంగ రెండు కాళ్ల మీదా నిలబడి ఉంది. "నేను అప్పుడే అనుకున్నానండి" అంది, "గోడ వాళ్లని తియ్యడం తొందరపాటేమోనని. మీరే ముచ్చటపడ్డారు."

తొండ మేడమ్ తల ఊపింది.

ఆ సాయంత్రమే బేరాలు మొదలయ్యాయి. అంత దిబ్బని తియ్యాలి, దూరంగా మోసి విసరాలి, గోడ కొత్తగా అల్లాలి. ఒకరిద్దరి వల్ల అయ్యే పని కాదు. దొరగారు ఎంతమంది చాలంటే అడవిపంది అంతకి ఒక్కరు ఎక్కువ అనేవాడు. అడవిపంది ఇన్ని దుంపలంటే దొరగారు ఇంకో దుంప వేసేవాడు. మొన్న వరుసలో నిలబడ్డవాళ్లంతా ఇవాళ గుంటల పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, "ఆలోచించి చెబుతామండి" అంటున్నారు. కోతి అయితే, "మీ కంపెనీలో నాకు ఎదుగుదల ఉంటుందాండీ?" అని అడవిపందిని నిలబెట్టి అడిగింది.

నెమలిని దొరగారే తీసుకున్నాడు. గోడ కూలినప్పుడు ఇసుకలోంచి మొట్టమొదట కనపడింది ఆ పురే కాబట్టి, ప్రమాదంలో ధైర్యంగా నిలబడ్డ ఉద్యోగి అని అందరికీ చూపించుకోవడానికి.

నూకాలుకి దొరగారు పాత ఉద్యోగమే ఇచ్చి, రెట్టింపు దుంపలు వేశాడు. ముందు పెద్దగా ఏమీ అడగకూడదనుకుంది, తప్పు తనది కూడా కదా. కానీ సింహాచలం వెనకాల నిలబడి ఎనిమిదిమందినీ వరుసగా దగ్గించాడు. దొరగారు ఇంకో బుట్ట కూడా వేశాడు.

చెలమ మళ్లీ తయారైంది. మునుపటికన్నా గట్టి గోడ. నూకాలు ప్రతి వేరూ రెండుసార్లు పెనవేసింది, తాత ఎదురుగా. తాత అంతా చూసి, "బాగుందే" అన్నాడు. ఆయన నోట అంతకుమించి రాదు. నూకాలుకి ఆ రాత్రి నిద్ర బాగా పట్టింది.

ఏడాది తిరిగింది. నడుమ వానలకి ఏరు పారినా గోడ రవ్వంత ఇసుక రాల్చలేదు. గద్దలు మళ్లీ వచ్చి దొరగారి గుహ మీద వాలాయి. పక్కడవిలో పులి ఇంకోసారి కొందరిని తీసేసిందని కబురొచ్చింది.

తొండ మేడమ్ ఒక పొద్దున్న చెలమ దగ్గరికి వచ్చి గోడంతా చూసింది.

"ఏడాదంతా కూలలేదే" అంది.

"లేదండి" అంది నూకాలు.

"మరి ఏడాదంతా నువ్వు ఏం చేసినట్టు?"

 తొండ మేడమ్ తల ఊపుకుంటూ వెళ్లిపోయింది.

 నూకాలు లేచి, ఎవరూ నీళ్లు తాగని మూలకి వెళ్లింది. గోడలో ఒక వేరు వెతికి పట్టుకుని, పంటితో కొంచెం లాగింది. గంపెడు ఇసుక జారి నీళ్లలో దబ్బున పడింది. ఆ చప్పుడు గుహ దాకా వినపడింది. దొరగారు చెయ్యి గుండె మీద వేసుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది, ఏమైంది?"

"ఏం భయం లేదండి" అంది నూకాలు, వేరు మళ్లీ బిగిస్తూ. "నేనున్నాను కదా."

దొరగారు గోడ చూశాడు, నూకాలుని చూశాడు, ఊపిరి పీల్చుకున్నాడు. "ఈవిడ జోలికి ఎవరూ వెళ్లకండి" అని అందరికీ గట్టిగా చెప్పి వెళ్లాడు.

గట్టు మీద అప్పలసామి తాత అంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన కళ్లు చిన్నవి, కానీ బాగా కనపడతాయి.

"ఏటే అది?" అన్నాడు.

"ఏమీ లేదు తాతా. పని చేస్తున్నాను."

తాత గోడ చివరి దాకా చూశాడు. "వచ్చే నెల దక్షిణం మూల లాగు" అన్నాడు. "అక్కడ లోతు తక్కువ, తియ్యడం తేలిక."

నీతి: నిలబడ్డ గోడకి జీతం రాదు, కాబట్టి గోడ అల్లేవాళ్లు నెలకోసారైనా కొంచెం కూలనిస్తుండాలి.